శుక్రవారం ప్లగ్గుల బిమారి

శుక్రవారం రాహుకాలం పొద్దుగాల పదిన్నర నుంచి పగలు పన్నెండు దాక. ఈ ముచ్చట చెప్తున్నది పంచాంగం చదివే అయ్యగారు కాదు. ఇరవై రెండేండ్లు విమానం నడుపుడు నేర్పినోన్ని నేను. నేర్చుకునేటోళ్లకు గాలి లెక్క చెప్పిన, ఎత్తు లెక్క చెప్పిన, దిక్కుల లెక్క చెప్పిన. ఈ లెక్క మాత్రం ఎవ్వలికి చెప్పలే. కడుపుల్నే దాసుకున్న. దాసుకున్నందుకు ఒక ఆడపిల్ల పాణం మీదికి తెచ్చిన.

విమానాలు నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడు నా ఇంటికి వస్తుంటరు. "సార్, మీ సర్వీసుల పెద్ద సాహసం ఏంది?" అని అడుగుతరు. సాహసాలేం లెవ్వు బిడ్డా, ఒక తప్పున్నది, ఇంటనంటే చెప్త అంట. కుర్చీలు జరుపుకొని కూసుంటరు. సాహసం కంటే తప్పు ఇనుడే అందరికి ఇష్టం, నాకు తెల్సు.

ఆంధ్రప్రదేశ్ అయి అప్పటికి తొమ్మిదేండ్లో పదేండ్లో. మా విమానాల క్లబ్బు హైదరాబాద్ల ఉండేది. చలికాలం వచ్చిందంటే నాలుగు నెలలు గోదారి ఒడ్డుకు క్యాంపు పెట్టేటోళ్లం, కరీంనగర్ జిల్లా దిక్కు ఒడ్డుకు. అవతలి ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. నా ఊరు ఆ అవతల్నే, లక్సెట్టిపేటకు నాలుగు కోసుల దూరం. అందుకే క్యాంపు అంటే నాకు పండుగ లెక్క. రన్‌వే అని పెద్ద పేరు గని, ఎర్రమట్టి చదును చేసి, బర్లు రాకుండ చుట్టూ కంప కొట్టిన చెలక అది. రెండు గుడారాలు, ఒక జీపు, ఇద్దరు కూసునే పసుపుపచ్చ విమానం ఒకటి. నేర్చుకునేటోళ్లు పన్నెండు మంది.

ఇప్పుడొక కొంచెం పనిముచ్చట చెప్త, ఓపిక పట్టుండ్రి. ఇది తెల్వకుంటే నా తప్పు మీకు తెల్వది.

గోదారి దాటంగనే గుట్టల వెనుక ఫౌజోళ్లు ఫిరంగులు కాల్చే మైదానం పెట్టుకున్నరు, ఆ రెండు మూడేండ్లు. ఆ మైదానం మీది ఆకాశం బందు. మేము ఆదిలాబాద్ దిక్కు పోవాలంటే రెండు తొవ్వలు. ఒకటి, గుట్ట మీదికెల్లి సీదా పోవుడు. దానికి ముందు ఫౌజోళ్లను ఫోన్ల అడగాలె. వాళ్లు ఒక నంబరు చెప్తరు, ఒక అరగంట టైము చెప్తరు. ఆ అరగంట ఫిరంగులు సప్పుడు చెయ్యయి, మనం దాటిపోవాలె. టైము దాటిందంటే ఆ నంబరు సచ్చినట్టే, మల్ల ఫోను చేసి మల్ల కొత్తది అడగాలె. రెండో తొవ్వకు ఎవ్వల్ని అడిగే పని లేదు. గోదారి పట్టుకొని పడమటికి పోయి, లక్సెట్టిపేట దాటినంక కుడికి తిరగాలె. పావుగంట ఎక్కువ పడుతది, గంతే.

ఫోను మా దగ్గర లేదు, కోసెడు దూరంల రైలు స్టేషన్ల ఉన్నది. విమానంల రేడియో లేదు. ఒకపారి లేచిందంటే దానికీ మనకూ మాట లేదు. దిగినంకనే మాట.

ఇగ నా బుగులు, నా లోపలి భయం ముచ్చట. నేను నేర్చుకునే కాలంల నాకొక జతగాడుండె. ఇద్దరం ఒక్క కంచంల తిన్నం. ఒక శుక్రవారం పదకొండు గంటలకు ఒక్కడే లేచిండు, మల్ల రాలే. ఇంజను ఆగింది, అంతే, దానికి కారణం కార్బురేటర్ల చెత్త అని తేల్చిన్రు. నేను ఆ కాయితం చదివిన, సంతకం కూడ పెట్టిన. కాని ఆ ఇంటికి కబురు తీసుకొని పోయింది నేను. వాని తల్లి నన్ను తిట్టలే. "రాహుకాలంల ఎందుకు పోనిచ్చినవ్ కొడుకా" అని ఒక్కటే మాట అన్నది. ఆ మాట కార్బురేటర్ కంటే గట్టిగ నా లోపల కూసున్నది.

అప్పటి నుంచి శుక్రవారం పదిన్నరకు మా విమానానికి ప్లగ్గుల బిమారి వచ్చేది. "మిస్త్రీ, ప్లగ్గులు జర చూడు" అనేటోన్ని. మా మిస్త్రీ పాతబస్తీ మనిషి, ఇంజను సప్పుడు ఇని బోల్టు పేరు చెప్పేటోడు. ప్లగ్గులు పీకేటోడు, తుడిచేటోడు, మల్ల బిగించేటోడు, పన్నెండు దాక. ఒకనాడు గడ్డం గోక్కుంట అన్నడు: "సాబ్, గీ ఇంజన్ బడా నేక్ హై. నమాజుకు పోయినట్టు జుమ్మా రోజు పదిన్నరకు బరాబర్ ఛుట్టీ తీసుకుంటది." నేను నవ్వలే. ఆయన కూడ మల్ల ఎన్నడు ఎత్తలే. నేను టోపీ పెట్టుకొని సైన్సు చెప్పే మనిషిని గదా, పిల్లల ముందర రాహుకాలం అంటే నా ముఖం ఏం కావాలె?

ఆ ఏడు వచ్చిన పన్నెండు మందిల ఒక్కతే ఆడపిల్ల. సిరిసిల్ల దిక్కు నేతపని ఇంటి పిల్ల, ఇరవై ఏండ్లుంటయి. సర్కారు స్కాలర్‌షిప్ మీద వచ్చింది. నాకు కోపం ముక్కు మీదుండేది, అందరి మీద అరిచేటోన్ని. ఆ పిల్ల మాత్రం ఉలకది పలకది. మొదటి నెలల ఒకపారి విమానాన్ని దించుతుంటే నేల మీద మూడు దుంకులు దుంకింది. "ఇది విమానమనుకున్నవా, కప్పనుకున్నవా?" అని ఒర్రిన. "మూడో దుంకుకు ఆగింది గద సార్" అన్నది, మెల్లగ. ఆమె అన్నీ లెక్కపెడుతది. దుంకులు, గజాలు, నిమిషాలు. మగ్గం మీద పోగులు లెక్కపెట్టి పెరిగిన పిల్ల. ఆ దినం నుంచి ఆమె మీద అరుసుడు తగ్గించిన. పన్నెండు మందిల నాకు అసలైన శిష్యురాలు ఆమెనే, ఈ మాట అప్పుడు చెప్పలే, ఇప్పుడు చెప్తున్న.

లైసెన్సుకు ఆమెకు ఒక్క పరీక్ష మిగిలింది. ఒక్కతే ఆదిలాబాద్ పోయి, అక్కడి నిజాం జమాన మైదానంల దిగి, పుస్తకంల సంతకం పెట్టించుకొని రావాలె. స్కాలర్‌షిప్ షరతు గట్టిది. ఆకాశం కానూను ఒక్కటి తప్పినా స్కాలర్‌షిప్ పోతది, లైసెన్సు పోతది, ఇంటి తొవ్వ పట్టుడే. ఆ పరీక్ష దినం శుక్రవారం పడ్డది.

నేను ముందుగాల్నే మతలబు చేసిన. శుక్రవారం పన్నెండు తర్వాత టైము కావాలని ఫౌజోళ్లను అడుగుమని జీపు తోలేటాయనను స్టేషన్‌కు పంపిన. చిట్టీ మీద రాసుకొచ్చిండు: పదీ నలుబై నుంచి పదకొండూ పది. పన్నెండు తర్వాత ఇయ్యలేమన్నరంట. ఎందుకియ్యరో అడుగాలె గదా? అడుగలే. నాకు కోపమొచ్చింది, కోపంల తెలివి పనిచెయ్యదు.

పదిన్నరయితుంటే ఎడ్లబండి వచ్చింది. బండిల ఆ పిల్ల బాపమ్మ. సిరిసిల్ల కెల్లి బస్సులు మారి, దిగినకాడి నుంచి బండి మాట్లాడుకొని వచ్చింది, ఒడిల కొబ్బరికాయ, నిమ్మకాయలు. ఒక్కదాన్నే పోతున్ననని మనవరాలు ఉత్తరం రాసిందంట. ముసలమ్మ దిగి నన్ను చూడలే, మనవరాలిని చూడలే, సీదా విమానం రెక్క కాడికి పోయింది. బొటనవేలుతోని రాకి చూసింది.

"సారూ, గిది బట్టనే గదా?"

"బట్టనే అవ్వా. మీద గట్టి పూత పూసినం."

"నేత మంచిగనే ఉన్నది. పోగు తెగితెనో?"

"తెగదు."

"తెగదని ఎవ్వలన్నరు? నలుబై ఏండ్ల కెల్లి నేత్తున్న, తెగని పోగును నేను చూడలే." అని, నా ముఖం చూసి నవ్వింది. "ఫికరు పడకు సారూ, ఊకె అన్న. మంచి యేళనేనా ఇది?"

ఇగో, ఇక్కడ. ఆమె అడిగింది ఒక్క మాట. పెండ్లికి పోయినా, సంతకు పోయినా పెద్దోళ్లు అడిగే మాటనే. "మంచి యేళనే అవ్వా" అంటే అయిపోతుండె. కాయ కొట్టి పంపుతుండె. నేనేమన్ననో తెల్సా? "రాహుకాలం నడుస్తుందవ్వా. నీకోసం జర ఆగుదాం తియ్యి" అన్న. నీకోసం అన్న! నా బుగులును తీసి ముసలమ్మ కొంగున కట్టిన.

"నీకు తెల్వదా సారూ, నీ ఇష్టం" అన్నదామె.

"మిస్త్రీ, ప్లగ్గులు" అన్న. మిస్త్రీ నన్ను చూసిండు, చిట్టీని చూసిండు. "సాబ్, నంబర్ టైం..." అన్నడు. "చూడమన్న గదా" అన్న. ఆయన పానా తీసుకున్నడు.

పదకొండూ పది దాటింది. నంబరు సచ్చింది. పన్నెండయింది. ముసలమ్మ కాయ కొట్టింది, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టింది. ఆ పిల్ల లోపల కూసొని, పటకా కట్టుకొని, పుస్తకం తెరిచి నా దిక్కు చూసింది. "సార్, నంబరు టైము అయిపోయింది. కొత్తది తెచ్చిన్రా?"

మీరు చూడుండ్రి, పిల్ల అడిగింది. తెలివిగల్ల పిల్ల, తన పని తాను చేసింది. నేనేం చెయ్యాలె? జీపును స్టేషన్‌కు పంపాలె. లేదా "గోదారి పట్టుకొని పో" అని నాలుగు మాటలనాలె. నాలుగు మాటలు! ఊకెనే ఆపిన అని ఒప్పుకున్నట్టయితదని ఆ నాలుగు మాటలు నా నోట్లకెల్లి రాలే. ఆ ఏడంత ఫౌజోళ్లు పగలు మూడు కాకముందు ఎన్నడు కాల్చలే, అది మనసుల పెట్టుకొని, "నేను చూసుకుంట, నువ్వు పో" అన్న. ఆమె పుస్తకం మూసింది. గురువు చెప్పిండు గదా.

పన్నెండూ ఐదుకు లేచింది. ఏం లేచుడు అది! దారం గుంజినట్టు లేచింది. గోదారి దాటింది, గుట్ట దిక్కు తిరిగింది. ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టుకొని చూస్తుంది, నోరు తెరిచి.

అప్పుడు గుట్ట వెనుకకెల్లి దడేల్మన్నది.

రెండోది పేలింది. మిస్త్రీ చేతిల పానా కింద పడ్డది. "గా సప్పుడేంది సారూ?" అని అడిగింది ముసలమ్మ. "బొగ్గుబాయిల పేలుడు అవ్వా" అన్న. ఆ దినం నేను ఆడిన రెండో అబద్ధం అది. జీపెక్కి స్టేషన్‌కు ఉరికిన. తొవ్వల మూడోది పేలింది. తర్వాత పేలలే. పేలకపోవుడు ఇంకా ఎక్కువ బుగులయింది.

స్టేషన్ల ఫోను పట్టుకొని ఒర్రిన. అటు దిక్కు ఫౌజు ఆఫీసరు నా కంటే ఎక్కువ ఒర్రిండు. "పసుపుపచ్చ విమానం మీదేనా? పిచ్చోళ్లా మీరు? చూసి కాల్చుడు ఆపినం. అది కిందికి పడ్డట్టు దిగి గుట్ట సందుల కనపడకుంట పోయింది. ఉన్నదో లేదో మాకు తెల్వది" అని పెట్టేసిండు. పన్నెండు నుంచి మూడు దాక ఆ దినం కొత్త ఫిరంగుల పరీక్ష ఉండెనంట. పన్నెండు తర్వాత టైము ఎందుకియ్యలేదో అప్పుడు తెలిసింది. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు.

గంటంబావు స్టేషన్లనే ఉన్న. గంటంబావు అంటే ఎంత పొడుగుంటదో నాకు తెల్సు, ఇగ ఎవ్వలు నాకు చెప్పే పని లేదు. తర్వాత ఆదిలాబాద్ కెల్లి కబురొచ్చింది. విమానం దిగింది, పిల్ల మంచిగున్నది, పోలీసోళ్లు కూసోబెట్టిన్రు. నేను బస్తాలు తూచే కాంట మీద కూలబడి, అందరి ముందర ఏడ్చిన. స్టేషన్ మాస్టరు నీళ్లు తెచ్చిచ్చిండు.

విమానాన్ని అక్కడ్నే జప్తు చేసిన్రు. తెల్లారి శనివారం ఆ పిల్ల ఇచ్చోడ మీదికెల్లి బస్సులు మారుకుంట క్యాంపుకొచ్చింది, ఒంటి నిండ ఎర్రదుమ్ము. "కింద పొగ లేచింది సార్" అని చెప్పింది. "ఒకటి లెక్కపెట్టిన, రెండు లెక్కపెట్టిన. మూడోది కాకముందే గుట్ట సాటుకు దించిన. చెట్ల మీదనే పోయిన." రోజుకూలి ముచ్చట చెప్పినట్టు చెప్పింది. తర్వాత ఒక కాయితం నా చేతిల పెట్టింది. ఆదిలాబాద్ల పోలీసోళ్లకు రాసిచ్చిన వాంగ్మూలం నకలు అది.

దాంట్ల ఏమున్నదంటే: ప్లగ్గులు చెడిపోయి ఆలస్యమైంది. నంబరు పోయింది కాబట్టి గోదారి పట్టుకొని పొమ్మని సార్ చెప్పిన్రు. నేనే మరిచిపోయి గుట్ట మీదికి పోయిన. తప్పు నాది.

నేను తలెత్తి చూసిన. "ఇది రాస్తే నీ లైసెన్సు పోతది, తెల్సా?"

"తెల్సు సార్. నాకైతే ఇంటికాడ మగ్గమున్నది. మీరు పోతే మిగిలిన పదకొండు మందికి ఎవ్వలు నేర్పుతరు?" అన్నది. కొంచెం ఆగి, "మీరు రాహుకాలమని ఆపిన్రంటే ఆ ఇంగ్లీషు మాట్లాడే పెద్దసార్లు అందరు మిమ్ముల చూసి నవ్వుతరు సార్" అన్నది.

ఆమెకు తెల్సు. ఎన్నాళ్ల నుంచో తెల్సు. శుక్రవారాలు కూడ లెక్కపెట్టింది!

మిస్త్రీ పక్కకు పిలిచిండు. "మైఁ భీ బోల్ దియా సాబ్. ప్లగ్గులు ఖరాబ్ ఉండె అని. ఫికర్ నక్కో." ఆ మాటకు ఆయన మరమ్మతుల పుస్తకంల దాఖలా లేదు, పట్టుబడితే ఆయన నౌకరీ కూడ పోతది. ఇద్దరు కలిసి నా అబద్ధాన్నే తీసి నాకు గొడుగు పట్టిన్రు.

నేనేం చేసిన? కాయితం మడిచి జేబుల పెట్టుకున్న. సోమవారం పెద్ద అధికారి విచారణకు వస్తడు. శనివారం నోరు మూసుకున్న, ఆదివారం పొద్దుగాల కూడ నోరు మూసుకున్న. నౌకరీ పోతదన్న బుగులు కొంచెమే. నవ్వుల పాలయితనన్న బుగులే ఎక్కువ. సిగ్గు చెప్పుకుంటున్న, ఒక పిల్ల బతుకుకూ నా టోపీకీ మధ్యల నేను రోజున్నర ఆలోచించిన.

ఆదివారం పగలు ముసలమ్మ నా గుడారం కాడికి వచ్చింది. మనవరాలు అంతా చెప్పిందో, మందిల ఇన్నదో, ఫిరంగుల ముచ్చట తెలిసిపోయింది. నిలబడే మాట్లాడింది.

"సారూ, నన్నొక్కటి అడుగనీ. నేను యేళ అడిగితి గనుకనే నువ్వు ఆపినవ్ గదా? నేను రాకపోతే పిల్ల టైముకే పోతుండె గదా?"

"కాదవ్వా" అన్న.

"కాదనకు. నాకు తెల్సు. ఇంట్ల అందరు వద్దన్నరు, మగ్గమిడిసి ఆకాశానికెందుకన్నరు. నేనే పోనియ్యుండ్రన్న. నేనే పంపి, నేనే పాడుచేసిన. ఆ పెద్దసారుకు చెప్పు, ముసల్దానిదే తప్పని చెప్పు. పిల్లకు కాయితమియ్యమను. ఇగ నేను ఎన్నడు రాను." కొంగు నోట్ల కుక్కుకున్నది.

పిల్ల నా తప్పు నెత్తికెత్తుకున్నది. మిస్త్రీ ఎత్తుకున్నడు. ఇప్పుడు ఈ ముసలమ్మ. నా ఒక్కని తప్పు ముగ్గురు మోస్తున్నరు, నేను చేతులూపుకుంట నడుస్తున్న. థూ, ఇదొక బతుకా అనిపించింది.

"అవ్వా, నువ్వు అడుగకముందే నేను గడియారం చూసిన" అన్న. "నువ్వు బండి దిగకముందే ప్లగ్గులు పీకిద్దామనుకున్న. నీకంటే నాకే బుగులెక్కువ."

ముసలమ్మ నోట్ల కెల్లి కొంగు తీసింది. "మరి గీ మాట పిల్లకోసం చెప్పవా?" అన్నది. తిట్టినట్టు అనలే. అడిగినట్టే అన్నది.

సోమవారం గుడారంల బల్ల వేసిన్రు. విచారణకొచ్చినాయన మద్రాసు దిక్కు మనిషి, ఇస్త్రీ మడత చెదరనోడు. పక్కన ఫౌజు ఆఫీసరు, నా మీద ఒర్రినాయననే. అంతా ఇంగ్లీషుల నడిచింది, నేను మన మాటల చెప్తున్న. పిల్ల వాంగ్మూలం చదివి, "ఇది నిజమేనా?" అని నన్ను అడిగిండు.

"కాదు సార్. గోదారి పట్టుకొని పొమ్మని నేను చెప్పలే. నంబరు పోయిందని ఆ పిల్లనే నాకు యాదిచేసింది. నేనే పొమ్మన్న. ప్లగ్గులకు ఏం కాలే."

"మరి గంటన్నర ఎందుకాపారు?"

నాలుక మీదికి వంద అబద్ధాలు వచ్చినయి. బయట ముసలమ్మ కూసున్నది, గుడారం సందుల చీర అంచు కనిపిస్తుంది.

"రాహుకాలం సార్."

ఫౌజు ఆఫీసరు ఫక్కున నవ్విండు. నాకు తలకాయ కొట్టేసినట్టయింది. నేను బుగులుపడ్డ నవ్వు అదే, వచ్చింది, నా మీదికెల్లి పోయింది. చూస్తే నేను ఇంకా నిలబడే ఉన్న. పెద్ద అధికారి నవ్వలే. రాస్తున్న కలం ఆపలే.

"శుక్రవారమా?"

"అవును సార్."

"పదిన్నర నుంచి పన్నెండు" అన్నడు, రాసుకుంటనే. అని, టక్కున ఆగిండు. తలెత్తి నన్ను చూసిండు. ఆయన చెవులు ఎర్రగయినయి. ఫౌజు ఆఫీసరు నవ్వు కూడ ఆగింది.

"నేనూ మా అమ్మ చేతుల్లోనే పెరిగాను" అన్నడు పెద్ద అధికారి. "మీ భయాన్ని నేను తప్పు పట్టను. నంబరు కోసం మళ్లీ ఎందుకు అడగలేదు, అదే తప్పు. మీకు పంచాంగం తెలుసు. ఫిరంగికి తెలియదు."

నాకు ఏడాది పాటు ఎవ్వలికి నేర్పకుంట బందు పెట్టిండు. మిస్త్రీని గట్టిగ కోప్పడ్డడు. పిల్లను పిలిచి, అబద్ధపు కాయితం రాసినందుకు నిలబెట్టి కడిగేసిండు. ఆమె నేల చూసుకుంట నిలబడ్డది. కడిగి, ఆ కాయితం ఆమె చేతులతోనే చింపించి, ఉన్నదున్నట్టు మల్ల రాయమన్నడు. ఆఖరుకు ఒక్క ప్రశ్న అడిగిండు: "మూడో గుండు కంటే ముందే దించాలని నీకెవరు చెప్పారు?" "ఎవ్వలు చెప్పలే సార్. పొగకూ పొగకూ మధ్యల ఎంతసేపో లెక్కపెట్టిన" అన్నది. ఆయన ఫౌజు ఆఫీసరు దిక్కు చూసిండు. పిల్ల తప్పు ఏమీ లేదని రాసిండు, పరీక్ష మల్ల పెట్టుమన్నడు.

క్లబ్బోళ్లు నన్ను ఇంటికి పంపలే, దయతల్చిన్రు. నేర్పుడు బందు గనుక క్యాంపుల కింది పనులు చేసుకొమ్మన్నరు. కొత్త పంతులు హైదరాబాద్ కెల్లి వచ్చిండు, నా కంటే పదేండ్లు చిన్నోడు. జప్తు ఇడిపించి విమానాన్ని ఆయననే తెచ్చిండు. నాకు దొరికిన పనేందంటరు? రోజు పొద్దుగాల సైకిలు మీద స్టేషన్‌కు పోవుడు, ఫౌజోళ్లకు ఫోను చేసుడు, నంబరు చిట్టీ మీద రాసుకొని తెచ్చుడు. ఏ పని మీద నేను తప్పిననో అదే పని క్యాంపు ఎత్తేదాక చేసిన. ఒక్క చిట్టీ తప్పలే.

మూడు వారాలకు ఆ పిల్లకు మల్ల పరీక్ష వచ్చింది. దినం ఏందో మీరే చెప్పుండ్రి. అవును, శుక్రవారమే. ముందే చెప్తున్న, మీకు బుగులు వద్దు: ఆమె ఆ దినం పోయింది, వచ్చింది, లైసెన్సు తీసుకున్నది. ఆ లైసెన్సు మీద ఆమె ఎక్కడెక్కడ తిరిగిందో అది ఆమె చెప్పుకునే ముచ్చట. నేను చెప్పేది ఆమె లేచిన ఆ పది నిమిషాల గురించి.

ఫోన్ల నంబరు చెప్పిన్రు. పదీ యాబై నుంచి పదకొండూ ఇరవై. పన్నెండు తర్వాత ఏమన్న దొరుకుతదా అని నోటి దాక వచ్చింది. మింగిన. చిట్టీ పట్టుకొని సైకిలు తొక్కిన, ఎదురుగాలిల.

ముసలమ్మ వచ్చి ఉన్నది. ఎన్నడు రానన్నది గదా, మనవరాలే పోయి పిలుచుకొచ్చిందంట. కొత్త పంతులు చిట్టీ చూసి పిల్లకిచ్చిండు. పిల్ల టైము చదివి నా దిక్కు చూసింది. మిస్త్రీ కూడ చూసిండు. పానా చేతిల్నే ఉన్నది.

"సాబ్, ప్లగ్గులు..." అన్నడు, మెల్లగ.

"మస్తుగున్నయి" అన్న. "ప్లగ్గులకు ఏ బిమారి లేదు."

ముసలమ్మ దగ్గరికొచ్చింది. "ఇయ్యాల సుత శుక్రవారమే గదా సారూ?"

"అవునవ్వా."

"గా యేళనేనా?"

"గా యేళనే."

ఆమె కొంగు నడుముకు చెక్కుకున్నది. తర్వాత రాయి మీద కొబ్బరికాయ కొట్టింది, ఒక్క దెబ్బకు పగిలింది. "ఫౌజోళ్లు ఇచ్చిందే మంచి యేళ. పో బిడ్డా" అన్నది.

పదీ యాబై రెండుకు విమానం లేచింది. గోదారి దాటింది, గుట్ట దిక్కు తిరిగింది. నేను ఎడమచెయ్యి ముఖం కాడికి తెచ్చుకొని గడియారం చూస్తున్న. యాబై నాలుగు. యాబై ఐదు. ముల్లు మెదలదు. గుట్ట వెనుకకెల్లి ఇప్పుడొస్తది, ఇప్పుడొస్తది అని చెవులు నిక్కపొడుచుకొని ఉన్న.

ముసలమ్మ నా మణికట్టు పట్టుకున్నది. మగ్గం ఆడి ఆడి గట్టిపడ్డ అరచెయ్యి, గడియారం మీద మూత పెట్టినట్టు పెట్టింది.

"గడియారం ఏం చూస్తవ్ సారూ, పిల్లను చూడు" అన్నది.

తలెత్తి చూసిన. గుట్ట దాటేదాక చూసిన.